వీడియో పాఠాలతో ఇంటిలో యోగాభ్యాసం

వీడియో పాఠాలతో ఇంటిలో యోగాభ్యాసం అనగా గురువు ఎదురుగా లేకుండా, టెలివిజన్, సీడీ, కంప్యూటరు లేదా సెల్‌ఫోనులో చూపే పాఠాన్ని అనుసరించి ఆసనాలు, ప్రాణాయామం, విశ్రాంతి క్రియలు ఇంటి వద్దనే చేసే పద్ధతి. శరీర దారుఢ్యం కొరకు, దినమంతా ఉత్సాహంగా ఉండుట కొరకు ఎక్కువ మంది ఈ పద్ధతిని అనుసరిస్తున్నారు. ఖర్చు తక్కువ కావడం, వీలైన వేళలో చేసుకోగలగడం దీనిలోని ప్రధాన సౌకర్యాలు. అయితే అభ్యాసి శిక్షకుని చూడగలడు కాని, శిక్షకుడు అభ్యాసిని చూడలేడు. ఈ పద్ధతికి ఉన్న ముఖ్యమైన లోపం ఇదే. తప్పును గుర్తించి సరిదిద్దే బాధ్యత అభ్యాసిపైనే ఉంటుంది. ఈ వ్యాసంలో ఆ బాధ్యతను ఎలా నిర్వర్తించవచ్చునో, పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల ప్రజల వృత్తులను, అక్కడి వాతావరణాన్ని దృష్టిలో ఉంచుకొని వివరించబడినది.

నేపథ్యం

పతంజలి యోగసూత్రాలలో యోగానికి యమము, నియమము, ఆసనము, ప్రాణాయామము, ప్రత్యాహారము, ధారణ, ధ్యానము, సమాధి అని ఎనిమిది అంగాలు చెప్పబడినవి. వీటిలో ఆసనం ఒకటి మాత్రమే. స్వాత్మారాముడు రచించిన హఠయోగ ప్రదీపిక (15వ శతాబ్దం) 15 ఆసనాలను, తరువాతి కాలపు ఘేరండ సంహిత 32 ఆసనాలను వర్ణించాయి. ఈ రోజు వీడియోలలో కనిపించే నిలబడి చేసే ఆసనాలలో చాలా వరకు, ఒక ఆసనం నుండి మరొక ఆసనానికి శ్వాసతో కలిసి సాగే వరుసలు 20వ శతాబ్దంలో ప్రచారంలోకి వచ్చినవి. ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావు పంత్ ప్రతినిధి సూర్య నమస్కారాలను వ్యాయామంగా ప్రచారం చేశాడు. మైసూరులో తిరుమలై కృష్ణమాచార్య 1930 దశకంలో ఎందరికో ఆసనాలు నేర్పాడు. ఆయన శిష్యులైన బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఆ విద్యను దేశ విదేశాలకు తీసుకొని వెళ్ళారు.

దృశ్య మాధ్యమాలలో యోగా

యోగాసనాలను కదిలే బొమ్మలుగా చిత్రించడం కొత్త విషయం కాదు. కృష్ణమాచార్య, అయ్యంగార్ ఆసనాలు వేస్తుండగా 1938లో మైసూరులో తీసిన మూకీ చిత్రం ఇప్పటికీ లభిస్తున్నది. అమెరికాలో రిచర్డ్ హిటిల్‌మన్ 1961లో టెలివిజన్ ద్వారా యోగా పాఠాలు మొదలుపెట్టాడు. 1970 దశకంలో లిలియాస్ ఫోలన్ కార్యక్రమం అక్కడి గృహిణులలో ప్రసిద్ధి చెందినది. భారతదేశంలో ధీరేంద్ర బ్రహ్మచారి దూరదర్శన్‌లో యోగాసనాలను చూపించాడు. 2000 తరువాత ఆస్థా ఛానల్‌లో రామ్‌దేవ్ ప్రాణాయామ శిబిరాల ప్రసారాలు వచ్చాయి. తెలుగు టెలివిజన్‌లో మంతెన సత్యనారాయణ రాజు ప్రకృతి జీవన విధానంతో పాటు ఆసనాలను గురించి కూడా చెప్పి ఎందరినో ఆకర్షించాడు. ఆ కాలంలో ఆసనాల సీడీలు కూడా విరివిగా అమ్ముడయ్యేవి.

2005లో యూట్యూబ్ ప్రారంభమైనది. 2016 తరువాత మొబైల్ డేటా ధరలు బాగా తగ్గడంతో పల్లెలలో కూడా ఫోనులో వీడియో చూడడం సులభమైనది. టెలివిజన్ కార్యక్రమం నిర్ణీత వేళకే వస్తుంది. ఫోనులోని పాఠాన్ని ఆపవచ్చును, వెనుకకు తిప్పవచ్చును, మళ్ళీ చూడవచ్చును. నేర్చుకొనేవారికి ఈ తేడా చాలా ముఖ్యమైనది.

ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 2014 డిసెంబరు 11న జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించినది. 2015లో మొదటి దినోత్సవం జరిగినది. ఆ సందర్భంగా భారత ఆయుష్ మంత్రిత్వ శాఖ ఉమ్మడి యోగా అభ్యాస క్రమాన్ని రూపొందించినది. ఇందులో కీళ్ళను వదులు చేసే చాలన క్రియలు, నిలబడి, కూర్చొని, బోర్లా పడుకొని, వెల్లకిలా పడుకొని చేసే ఆసనాలు, కపాలభాతి, ప్రాణాయామం, ధ్యానం వరుసగా ఉంటాయి. దీని వీడియోలు పలు భాషలలో వెలువడ్డాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇది అనువైన క్రమం.

ఉత్తర తెలంగాణలో

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో పూర్వపు ఆదిలాబాదు జిల్లా నుండి ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలు ఏర్పడ్డాయి. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని అధిక భాగం కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా మారినది.

2020 మార్చిలో విదేశాల నుండి వచ్చిన ఒక బృందంలో కొందరికి కరోనా వ్యాధి నిర్ధారణ కావడంతో, దేశవ్యాప్త లాక్‌డౌన్‌కు ముందే కరీంనగర్ పట్టణంలోని కొన్ని ప్రాంతాలలో వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి ఆరోగ్య పరీక్షలు జరిపాయి. రాకపోకలపై ఆంక్షలు వచ్చాయి. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలైనది. వ్యాయామశాలలు, ఉద్యానవనాలు మూతపడడంతో వ్యాయామం ఇంటికే పరిమితమైనది. ఆ సంవత్సరపు యోగా దినోత్సవాన్ని మైదానాలలో గాక ఇంటిలో, కుటుంబంతో కలిసి జరుపుకోవలసినదిగా ప్రభుత్వం పిలుపునిచ్చినది. ఉమ్మడి అభ్యాస క్రమాన్ని దూరదర్శన్ ద్వారా ప్రసారం చేశారు. మరుసటి సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆయుష్ మంత్రిత్వ శాఖ కలిసి ఎం-యోగా అనే మొబైల్ అనువర్తనాన్ని విడుదల చేశాయి.

లాక్‌డౌన్ ముగిసిన తరువాత కూడా ఈ ప్రాంతంలో ఇంటి అభ్యాసానికి అవసరం తగ్గలేదు. దూరపు పల్లెలలో, ఆదిలాబాదు అటవీ ప్రాంతపు గూడేలలో శిక్షకులు అందుబాటులో ఉండడం అరుదు. సింగరేణి బొగ్గు గనులలో పనివేళలు షిఫ్టుల వారీగా మారుతుంటాయి కనుక నిర్ణీత వేళలో జరిగే తరగతులకు హాజరు కావడం కార్మికులకు కష్టం. ఇంటి పని, బీడీల పని రెండూ చేసే స్త్రీలకు బయటకు వెళ్ళే తీరిక తక్కువ. గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారు ఒకే గదిలో పలువురు కలిసి ఉంటారు. ఒక చాప పరిచేంత స్థలం మాత్రమే వారికి దొరుకుతుంది.

శరీర బలం

కండరం తనకు అలవాటైన దానికంటే కొంత ఎక్కువ బరువును మోసినప్పుడు, తరువాత తగిన విశ్రాంతి, ఆహారం లభించినప్పుడు బలపడుతుంది. యోగాలో ఆ బరువు అభ్యాసి శరీరమే. ఆసనాన్ని కదలకుండా నిలిపి ఉంచడం వలన కండరాలపై భారం పడుతుంది. బలం కొరకు ముఖ్యమైన ఆసనాలు ఇవి:

* ఉత్కటాసనం - కనిపించని కుర్చీలో కూర్చున్నట్లు మోకాళ్ళు వంచి నిలబడుట. తొడలు, పిరుదులు బలపడతాయి.
* వీరభద్రాసనం - ఒక కాలు ముందుకు వంచి, రెండవ కాలు వెనుకకు చాచి నిలబడుట. కాళ్ళకు, నడుముకు బలం, నిలకడ కలుగుతాయి.
* ఫలకాసనం - అరచేతులు, కాలివేళ్ళపై శరీరాన్ని పలకవలె నిటారుగా ఉంచుట. భుజాలు, పొట్ట కండరాలు పనిచేస్తాయి.
* భుజంగాసనం, శలభాసనం - బోర్లా పడుకొని చేసేవి. వెన్ను కండరాలకు మంచివి.
* సేతుబంధాసనం - వెల్లకిలా పడుకొని, మోకాళ్ళు వంచి, నడుమును పైకి ఎత్తుట. పిరుదులు, తొడల వెనుక భాగం బలపడతాయి.
* నౌకాసనం - కూర్చొని కాళ్ళను, మొండెమును పడవ ఆకారంలో నిలుపుట. పొట్ట కండరాలకు శ్రమ కలుగుతుంది.

మొదట ఒక్కొక్క ఆసనంలో మూడు నుండి ఐదు శ్వాసల కాలం ఉండవలెను. అది సులభమైన తరువాత వారానికి ఒక శ్వాస చొప్పున పెంచవచ్చును. శ్వాస బిగబట్టవలసి వచ్చినా, శరీరం వణికి ఆకారం చెదిరినా ఆసనం నుండి బయటకు రావలెను.

ఈ పద్ధతికి ఒక పరిమితి కలదు. ఆసనాలలో నెట్టే పని ఎక్కువ, లాగే పని చాలా తక్కువ. అందువలన చేతుల ముందరి కండరాలకు, వీపు పైభాగానికి తగిన శ్రమ లభించదు. బావి నుండి నీళ్ళు చేదుట, బరువులు మోయుట వంటి పనులు చేసేవారికి ఈ లోటు ఉండదు. కుర్చీలో కూర్చొని పనిచేసేవారు బరువు ఎత్తే వ్యాయామం కొంత చేర్చుకొనుట మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు మధ్యస్థ శ్రమ గల వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలను బలపరచే వ్యాయామం చేయవలెను. నెమ్మదిగా చేసే ఆసనాలు సాధారణంగా తేలికపాటి శ్రమ కిందికే వస్తాయి కనుక వీటితో పాటు వేగంగా నడవడం అవసరం.

ఆహారం కూడా ముఖ్యం. జొన్నరొట్టె, మక్కగటక, అన్నం వంటి వాటికి పప్పు, గుడ్లు, పాలు, పల్లీలు తోడైతే కండరాలకు కావలసిన మాంసకృత్తులు లభిస్తాయి.

ఉత్సాహం

యోగాతో ఉత్సాహం కలగడానికి పలు కారణాలు ఉన్నాయి. సూర్య నమస్కారాల వంటి కదలికలతో రక్తప్రసరణ పెరిగి మందకొడితనం పోతుంది. నెమ్మదైన దీర్ఘ శ్వాసతో ఆందోళన తగ్గుతుంది. శవాసనంతో శరీరం విశ్రాంతి పొందుతుంది. క్రమమైన వ్యాయామం వలన రాత్రి నిద్ర మెరుగుపడుతుంది. చాలా మంది అభ్యాసులు వీడియో చివర వచ్చే శవాసనాన్ని వదలివేసి లేచిపోతారు. అలసటతో ఉన్నవారికి ఎక్కువ మేలు చేసేది ఆ భాగమే.

అయితే అలసటలన్నీ యోగాతో పోయేవి కావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం, తగినంత నిద్ర లేకపోవడం కూడా అలసటకు కారణాలు. రెండు మూడు వారాలైనా తగ్గని నీరసం, మెట్లు ఎక్కితే ఆయాసం ఉన్నవారు ముందుగా రక్తపరీక్ష చేయించుకోవలెను. రక్తహీనతకు మందు, ఆహారం కావలెను. సూర్య నమస్కారాల సంఖ్య పెంచడం దానికి చికిత్స కాదు. ఆదిలాబాదు ప్రాంతపు గిరిజనులలో కనిపించే సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి అతిశ్రమ, ఒంటిలో నీరు తగ్గడం ప్రమాదకరం. వారు వైద్యుని సలహాతో తేలికపాటి అభ్యాసం మాత్రమే చేయవలెను.

వీడియోను ఎంచుకొనుట

* శిక్షకుని శరీరం తల నుండి పాదాల వరకు కనిపించవలెను. కెమెరా పక్క నుండి చూపిన ఆసనంలో వెన్ను, మోకాలి స్థితి స్పష్టంగా తెలుస్తుంది.
* అభ్యాసికి అర్థమయ్యే భాషలో మాట ఉండవలెను. ఆసనంలో ఉండగా మెడ తిప్పి తెరను చూడడం వలన మెడ పట్టివేస్తుంది కనుక, మాట వింటూ చేయగల పాఠం మేలు.
* శ్వాస ఎప్పుడు తీసుకోవలెనో, ఎప్పుడు వదలవలెనో చెప్పవలెను.
* ఎవరు చేయరాదో, చేయలేనివారికి సులభమైన రూపం ఏదో చూపించవలెను.
* వారంలో బరువు తగ్గుతుందని, అన్ని రోగాలూ నయమవుతాయని, మందులు మానివేయవచ్చునని చెప్పే వీడియోలను నమ్మరాదు.

రోజుకొక కొత్త వీడియో చూడడం కంటే ఒకే పాఠాన్ని నాలుగు వారాలు చేయడం వలన ఎక్కువ ప్రయోజనం ఉంటుంది. కదలికలు కంఠస్థమైన తరువాతనే అభ్యాసి దృష్టి తెరను విడిచి తన శరీరంపై నిలుస్తుంది.

తప్పులను సరిచూసుకొనుట

మొదటిసారి పాఠాన్ని కూర్చొని పూర్తిగా చూడవలెను. రెండవసారి మధ్యమధ్య ఆపుతూ చేయవలెను. మూడవసారి ఆపకుండా చేయవచ్చును. ఎదురుగా ఉన్న శిక్షకుడు కుడి చేయి ఎత్తితే చూసేవారికి అది తమ ఎడమ వైపున కనిపిస్తుంది. కొందరు శిక్షకులు అద్దంలో వలె తిప్పి చెబుతారు. ఏ పద్ధతిలో చెబుతున్నారో ముందుగా గమనించవలెను. ఏ వైపుతో మొదలుపెట్టినా రెండు వైపులా సమానంగా చేయుట ముఖ్యం.

ఫోను పాఠాన్ని చూపడమే కాక, అభ్యాసిని చిత్రించగలదు కూడా. వారానికి ఒకసారి ఫోనును పక్కవైపు నిలిపి ఒకటి రెండు ఆసనాలను చిత్రించుకొని, శిక్షకుని ఆకారంతో పోల్చి చూడవలెను. వీరభద్రాసనంలో మోకాలు లోపలికి వాలుతున్నదా, ఫలకాసనంలో నడుము కిందికి జారుతున్నదా, భుజంగాసనంలో భుజాలు చెవుల వద్దకు లేస్తున్నవా అనే మూడు విషయాలు ఇందులో సులభంగా తెలుస్తాయి. ఇంటిలో మరొకరు చూసి చెప్పినా మంచిదే. వీలైనప్పుడు శిక్షణ పొందిన గురువుకు ఒకసారి చూపించుకోవలెను. కొన్ని ఆయుష్ ఆరోగ్య కేంద్రాలలో యోగా శిక్షకులు ఉంటారు.

అభ్యాస క్రమం

కొత్తవారికి వారానికి నాలుగైదు రోజులు, రోజుకు 30 నిమిషాలు సరిపోతుంది.

* 3 నిమిషాలు - నిశ్చలంగా కూర్చొని శ్వాసను గమనించుట
* 5 నిమిషాలు - మెడ, భుజాలు, నడుము, మోకాళ్ళ చాలన క్రియలు
* 5 నిమిషాలు - సూర్య నమస్కారాలు, నాలుగు నుండి ఆరు
* 10 నిమిషాలు - పైన చెప్పిన బలం కలిగించే ఆసనాలలో నాలుగు
* 3 నిమిషాలు - నాడీశోధన లేదా భ్రామరి ప్రాణాయామం
* 4 నిమిషాలు - శవాసనం

వృత్తులను బట్టి మార్పులు

బీడీలు చుట్టే స్త్రీలు చాటను ఒడిలో పెట్టుకొని గంటల తరబడి ముందుకు వంగి కూర్చుంటారు. వీరికి ఇంకా ముందుకు వంగే ఆసనాల కంటే ఛాతీని తెరిచే భుజంగాసనం, సేతుబంధాసనం, మణికట్టు, మెడ కదలికలు అవసరం. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు వజ్రాసనం మానవలెను. సిరిసిల్లలో మరమగ్గాలపై (స్థానికంగా సాంచాలు) పనిచేసేవారు ఎక్కువ సేపు నిలబడి ఉంటారు. పని ముగిసిన తరువాత వెల్లకిలా పడుకొని కాళ్ళను గోడకు ఆనించి ఐదు నిమిషాలు ఉంచడం వలన పిక్కలకు ఉపశమనం కలుగుతుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన గని కార్మికులు నిద్రకు ముందు కపాలభాతి, సూర్య నమస్కారాలు చేయక, భ్రామరి, శవాసనం చేసి నిద్రించి, లేచిన తరువాత మిగిలినవి చేయుట మంచిది. పత్తి ఏరే కాలంలో రైతులకు, కూలీలకు శ్రమ అప్పటికే ఎక్కువ కనుక సాయంత్రం నడుమును సాగదీసే తేలిక ఆసనాలు, విశ్రాంతి చాలును. పరీక్షల కాలంలో విద్యార్థులు గంటకొకసారి లేచి ఐదు నిమిషాలు తాడాసనం, మెడ కదలికలు చేయవచ్చును. వృద్ధులు కుర్చీలో కూర్చొని లేదా గోడను పట్టుకొని చేసే పాఠాలను ఎంచుకోవలెను.

స్థలం, కాలం

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల చోటు, చుట్టూ చేతులు చాచేంత ఖాళీ ఉండవలెను. నున్నని గచ్చు, షాబాదు బండలపై జంపఖానా జారుతుంది కనుక నిలబడి చేసే ఆసనాలను ఉత్త కాళ్ళతో పొడి నేలపై చేసి, పడుకొని చేసేవాటికి మాత్రమే జంపఖానా పరచవలెను. ఫోనును నేలపై కాక కంటి ఎత్తులో గూటిలోనో, బల్లపైనో నిలపవలెను.

ఆదిలాబాదు ప్రాంతంలో శీతాకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు పడిపోతుంది. అప్పుడు కండరాలు బిగిసి ఉంటాయి కనుక చాలన క్రియలకు రెట్టింపు సమయం ఇవ్వవలెను. వేసవిలో రామగుండం, జగిత్యాల, ఆదిలాబాదు ప్రాంతాలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. ఆ రోజులలో సూర్యోదయానికి ముందే అభ్యాసం ముగించుకొని తగినంత నీరు తాగవలెను. భోజనమైన మూడు నాలుగు గంటల వరకు ఆసనాలు వేయరాదు.

జాగ్రత్తలు

* గుండె జబ్బు, అధిక రక్తపోటు, హెర్నియా, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు కపాలభాతి, భస్త్రిక చేయరాదు.
* నీటికాసులు అనే కంటి వ్యాధి ఉన్నవారు, రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు తలక్రిందులుగా చేసే ఆసనాలు వేయరాదు. శీర్షాసనాన్ని, సర్వాంగాసనాన్ని వీడియో చూసి మాత్రమే ఎవరూ నేర్చుకోరాదు.
* సాగినట్లు అనిపించుట సహజం. పోటు, తిమ్మిరి, కీలులో నొప్పి కలిగితే వెంటనే ఆపవలెను.
* ఛాతీలో నొప్పి, కళ్ళు తిరుగుట వంటివి కలిగితే వైద్యుని సంప్రదించవలెను.
* మధుమేహానికి, రక్తపోటుకు వాడే మందులను వైద్యుడు చెప్పనిదే మానరాదు.

ప్రయోజనాలకు ఆధారాలు

దీర్ఘకాలిక నడుము నొప్పి విషయంలో యోగాపై చాలా పరిశోధనలు జరిగాయి. అమెరికా వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాలలో మందులు లేని చికిత్సలలో యోగాను కూడా చేర్చినది. అదే సంవత్సరం వెలువడిన కోక్రేన్ సమీక్ష యోగాతో నడుము పనితీరులో కొద్దిపాటి నుండి మధ్యస్థ స్థాయి మెరుగుదల ఉన్నదని, అయితే కొందరిలో నడుము నొప్పి పెరగడం కూడా కనిపించినదని తెలిపినది. అనగా యోగా వలన మేలు ఉన్నది. తప్పుగా గాని, అతిగా గాని చేస్తే హాని కూడా ఉన్నది.

ఏటా జూన్ 21న వేలాది మంది మైదానాలలో కలిసి ఆసనాలు వేస్తారు. ఆ ఒక్క రోజు అభ్యాసంతో శరీరానికి బలం రాదు. మిగిలిన రోజులలో ఇంటిలో, చిన్న చోటులో, తెరపై పాఠాన్ని చూస్తూ, తన శరీరాన్ని తాను గమనిస్తూ చేసే అభ్యాసమే బలాన్ని, ఉత్సాహాన్ని ఇస్తుంది.

ఇవి కూడా చూడండి

* యోగా
* సూర్య నమస్కారాలు
* ప్రాణాయామం
* అంతర్జాతీయ యోగా దినోత్సవం
* రక్తహీనత